స్పానిష్ అంగడి మాటలు అనువదిస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన నమూనా అనువాదమూ నిన్న అందాయి. ఇఫ్లూలో, అదే హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో, స్పానిష్ పూర్తిచేసి, మొదటి పనిగా దుకాణాల ర్యాకులు తయారుచేసే సంస్థ కేటలాగును ఆంగ్లంలోకి తెస్తున్నావని తెలిసి సంతోషించాను. కథో కవితో కాకుండా ర్యాకుల పుస్తకం వచ్చిందని నువ్వు కొంత చిన్నబుచ్చుకున్నట్టు తోచింది. ఈ పనిలో మాట తప్పితే ఎక్కడో ఒక దుకాణంలో బిగించవలసిన అర బిగియదు, ఒకరి డబ్బు పోతుంది. అంత బాధ్యత ఉన్న రాతను తక్కువగా చూడకు.

మొదటి పేజీలో 'లినెయాల్' అని ఉన్నచోటల్లా నువ్వు 'లీనియర్' అని రాశావు. నిఘంటువు మొదటి అర్థం అదే గనుక నిన్ను తప్పుపట్టను. అయితే స్పెయిన్ సూపర్ మార్కెట్లో లినెయాల్ అంటే ఒక రకం సరుకు వరుసగా పేర్చి ఉన్న అరల ముందుభాగం మొత్తం. 'లినెయాల్ దె లాక్తెయోస్' అంటే పాలు, పెరుగు, వెన్న ఉండే అరలు కాబట్టి ఆంగ్లంలో 'డెయిరీ షెల్వ్స్' అనో, సందర్భాన్ని బట్టి 'డెయిరీ సెక్షన్' అనో అనాలి. అదే మాట, ఒక కంపెనీ తన సరుకుకు ఎక్కువ లినెయాల్ సంపాదించింది అన్న వాక్యంలో వస్తే అప్పుడది 'షెల్ఫ్ స్పేస్'. ఒకే పేజీలో ఒకే మాటకు రెండు ఆంగ్లపు మాటలు పెట్టవలసివస్తే సంకోచించకు. అరల గురించి చెబుతున్నాడా, అరల మీద దక్కిన చోటు గురించి చెబుతున్నాడా అని ప్రతిసారీ అడిగి చూసుకో.

దుకాణం మధ్యలో నిలబెట్టే అరల ర్యాకు 'గోందొలా' ఆంగ్లంలోనూ గొండోలాయే, అక్కడ ఇబ్బంది లేదు. చిక్కంతా 'కబెసేరా దె గోందొలా' దగ్గర ఉంది. కబెసేరా అంటే మంచం తలవైపు పలక కూడా కావడంతో నువ్వు 'గొండోలా హెడ్‌బోర్డ్' అన్నావు. ఈసారి సూపర్ మార్కెట్‌కు వెళ్లినప్పుడు బండి తోసుకుంటూ పెద్ద నడవలో నడిచి చూడు. రెండు వరుసల ర్యాకులు వీపు వీపు ఆనించి నిలబడి ఉంటాయి. అవి ముగిసేచోట నీకు ఎదురుగా ఒక చిన్న ర్యాకు ఉంటుంది, దాని మీద ఆ వారం ఆఫరులో ఉన్న బిస్కట్లో సబ్బులో గుట్టగా పేర్చి ఉంటాయి. లోపలి వరుసలోకి తిరగని మనిషి కంట్లో కూడా ఆ సరుకు పడుతుంది కాబట్టి ఆ చోటుకు గిరాకీ ఎక్కువ, దానికోసం తయారీదారులు ప్రత్యేకంగా డబ్బు కడతారు. బ్రిటన్‌లో దాన్ని 'గొండోలా ఎండ్' అంటారు, అమెరికాలో 'ఎండ్ క్యాప్' అంటారు. కేటలాగు ఏ దేశానికి వెళుతుందో ముందే అడిగి తెలుసుకో. బట్టలు తగిలించే 'బుర్రొ'కూ ఇదే వరస, బ్రిటన్‌లో 'క్లోత్స్ రెయిల్', అమెరికాలో 'క్లోతింగ్ ర్యాక్'. బుర్రొ అంటే గాడిద అన్న అర్థం కూడా ఉందని నీకు తెలుసు. మన బట్టల దుకాణంలో "ఆ బొమ్మకు కట్టిన చీర చూపించండి" అంటే, ఆడుకునే బొమ్మకు కట్టిన చీర అని ఎవరైనా అనువదిస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటే ఈ మాటల స్వభావం నీకు పట్టుబడుతుంది.

'ఎక్స్‌పొసితోర్' విషయంలో మరింత జాగ్రత్త కావాలి. సరుకు పెట్టి చూపే స్టాండూ అదే, వాణిజ్య ప్రదర్శనలో పాల్గొనే సంస్థా అదే. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో మూడేళ్లకోసారి జరిగే యూరోషాప్ లాంటి ప్రదర్శన కోసం రాసిన కరపత్రంలో రెండర్థాలూ పక్కపక్కనే రావచ్చు. ఒకచోట 'డిస్‌ప్లే స్టాండ్', ఇంకోచోట 'ఎగ్జిబిటర్'. 'పీఎల్‌వీ' అంటే అమ్మకం జరిగేచోట పెట్టే ప్రచార సామగ్రి. దాన్ని 'పీఓఎస్' అని మూడక్షరాల్లో తేల్చెయ్యకు, చదివేవాడికి కార్డు గీకే మెషీన్ గుర్తుకొస్తుంది. 'పాయింట్ ఆఫ్ సేల్ డిస్‌ప్లేలు' అని పూర్తిగా రాయి.

దుకాణం ముందు అద్దాల కిటికీని స్పెయిన్‌లో ఎస్కపరాతె అంటారు. అర్జెంటీనాలో అది విద్రియేరా, మెక్సికోలో అపరదోర్, కొలంబియాలో విత్రినా. స్పెయిన్‌వాడికి విద్రియేరా అంటే చర్చిలోని రంగుటద్దాల కిటికీ, అపరదోర్ అంటే భోజనాల గదిలో పళ్లేలు పెట్టుకునే బల్ల. క్యూబా, వెనెజులాలలో ఎస్కపరాతె అంటే బట్టల బీరువా. ఆ మాట పాత డచ్చు భాషలో బీరువాకున్న పేరు నుంచే వచ్చింది గనుక మూలార్థాన్ని నిలుపుకున్నది వాళ్లే, ఈ సంగతి నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. రాసినవాడి దేశం తెలియకుండా ఈ నాలుగింటిలో దేన్నీ ముట్టుకోకు.

విడిభాగాల పట్టికలో 'క్రెమయేరా'ను జిప్పు అన్నావు. ర్యాకుల పనిలో అది వరుసగా గాడులు కొట్టిన నిలువు పట్టీ, అరను మోసే బ్రాకెట్టు కొక్కెం ఆ గాడిలోనే దిగుతుంది. ఆంగ్లంలో 'స్లాటెడ్ అప్‌రైట్' అంటే అమర్చేవాడికి అర్థమవుతుంది. 'ఫోందొ' అడుగూ కాదు, నిధీ కాదు, కొలతల్లో అది లోతు.

కొలతల దగ్గర నాకు జరిగిన నష్టం నీకు జరగకూడదు. స్పెయిన్‌లో వేలను చుక్కతోనూ, దశాంశాన్ని కామాతోనూ రాసే అలవాటు ఉంది. '1.250' మిల్లీమీటర్లు అంటే పన్నెండు వందల యాభై, అంటే '1,25' మీటర్లు. ఒకసారి నేను మాటలన్నీ శ్రద్ధగా మార్చి, అంకెలను అనువాదం అక్కర్లేనివిగా భావించి ఉన్నవి ఉన్నట్టు వదిలేశాను. అచ్చయిన పుస్తకంలో మనిషి నడుము దాటి ఎత్తుండే నిలువు పట్టీ మిల్లీమీటరున్నరకైనా రాలేదు. ఆ పేజీలన్నీ మళ్లీ అచ్చువేయించారు, నాకు రావలసిన సొమ్ములో సగం ఆ ఖర్చు కింద పోయింది. అప్పటినుంచి అంకెలను చివర్లో విడిగా, మాటలు చూడకుండా, ఒక్కొక్కటే సరిచూస్తున్నాను. నువ్వూ అలాగే చెయ్యి.

మూడో పేజీలోని 'స్టాపర్' గురించి అడిగావు. అది స్పానిష్ వ్యాపారులు ఆంగ్లం నుంచి తెచ్చుకున్న మాటే, అయినా మామూలు ఆంగ్ల పాఠకుడికి అది సీసా బిరడాగానే కనిపిస్తుంది. సాధారణంగా అర అంచు నుంచి నడవలోకి పొడుచుకొచ్చే చిన్న ప్రచార అట్టను అలా అంటారు, బ్రిటన్‌లో 'ఐల్ ఫిన్' అనవచ్చు. కానీ నీ పేజీలో ఆ వస్తువు బొమ్మ లేదు. సంస్థకు ఈరోజే రాసి దాని ఫొటో తెప్పించు, రాగానే నాకూ ఒకటి పంపు.

ఇట్లు,
నీ మేలుకోరే పెద్దవాడు