నెమ్మది సినిమా మా బాబుకి నచ్చడం లేదు

ప్రశ్న: పల్లెటూళ్లో తాత దగ్గర పెరిగే పిల్లాడు, చెరువు, గాలం, పెద్దగా మాటల్లేవు. అలాంటి సినిమా ఒకటి చూసి నేను ఏడ్చేశాను. మా తొమ్మిదేళ్ల బాబు మాత్రం పావుగంటకే ఫోన్ అడిగాడు. ఎలా అలవాటు చేయాలి?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: బాబు తప్పేం లేదండీ. గాలం వేసి కూర్చోవడమంటే ఏంటో తెలియని పిల్లలకి తెర మీద నీళ్లే కనిపిస్తాయి, బెండు ఎప్పుడు మునుగుతుందా అన్న టెన్షన్ తెలియదు. ముందు వాణ్ణి కృష్ణ ఒడ్డుకో బందరు కాలువ గట్టుకో తీసుకెళ్లి, వల విసిరేవాళ్లని కాస్త దూరం నుంచి ఓ గంట చూడనివ్వండి, మధ్యలో ఏమీ వివరించకండి. ఇంటికొచ్చాక కొర్రమీను సంగతి చెప్పండి. మొప్పలున్నా అది గాలి పీల్చడానికి పైకి వస్తుంది, ఎర్రటి పిల్లలు గుంపుగా తిరుగుతుంటే తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. సినిమాలో తాత మాట్లాడకుండా పక్కన కూర్చోవడం అప్పుడు వాడికి వేరేగా కనిపిస్తుంది, నాకు ఆ నమ్మకం ఉంది.

తర్వాత 1955లో సత్యజిత్ రాయ్ తీసిన 'పథేర్ పాంచాలి'లో అక్కాతమ్ముళ్లు రెల్లుపూల మధ్య రైలు కోసం పరుగెత్తే ఘట్టం ఒక్కటే చూపించి ఆపేయండి. మిగతాది వాడే అడగాలి.