నాన్నగారి ఆస్పిరిన్: పాత డాక్టరు వాడమన్నారు, కొత్త డాక్టరు ఆపమన్నారు

72 ఏళ్ల నాన్నగారికి గుండెపోటు ఎప్పుడూ రాలేదు, ముందు జాగ్రత్తగా ఏళ్ల తరబడి ఆస్పిరిన్ వేసుకుంటున్నారు, ఇప్పుడు కొత్త డాక్టరు ఆపేయమన్నారు, ఎవరిని నమ్మాలి అని అడిగారు. ఇద్దరినీ నమ్మొచ్చండి. మధ్యలో మారింది ఆధారం.

2018లో ఆస్‌ప్రీ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఆస్ట్రేలియా, అమెరికాల్లో సుమారు 19 వేల మంది, ఎక్కువ మంది 70 దాటినవాళ్లే. సగం మందికి రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతావాళ్లకు మందు లేని ఉత్త మాత్ర. గుండెజబ్బులు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. తీవ్రమైన రక్తస్రావం మాత్రం 2.8 శాతం నుంచి 3.8 శాతానికి పెరిగింది. 2022లో అమెరికా నిపుణుల బృందం కూడా 60 దాటినవాళ్లకు ముందు జాగ్రత్త కోసం కొత్తగా మొదలుపెట్టొద్దని చెప్పింది. బీపీ, కొలెస్ట్రాల్ మందులు బాగా వాడుకలోకి వచ్చాక ఆస్పిరిన్ వల్ల అదనంగా ఒరిగేది తగ్గిందని చాలామంది అభిప్రాయం, నాకూ అది సబబనిపిస్తుంది.

కానీ ఒక్కటి, దయచేసి గట్టిగా పట్టించుకోండి. ఇదంతా గుండెపోటు, పక్షవాతం, స్టెంటు, బైపాస్ లేనివాళ్ల సంగతి. అవి ఉన్నవాళ్లు సొంతంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పాత ఫైలు మొత్తం తీసుకెళ్లి, "ఇది దేనికోసం మొదలుపెట్టారో ఇందులో ఉందా?" అని కొత్త డాక్టరునే అడగండి. నాన్నగారు కీళ్లనొప్పులకు మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మలం నల్లగా తారులా వస్తే మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.