ఎల్లోస్టోన్ ప్రయాణానికి ఎమర్జెన్సీ ఫండ్ తీయొచ్చా?

ప్రశ్న: డెన్వర్ దగ్గర ఉంటున్నాం. నాది హెచ్-1బి ఉద్యోగం, ఇంట్లో నా జీతం ఒక్కటే. పాపకు నాలుగేళ్లు. ఏప్రిల్‌లో అమ్మానాన్న వచ్చారు, అక్టోబరు మొదట్లో తిరిగి వెళ్తారు. నాన్నకు షుగర్, బీపీ ఉన్నాయి. జులైలో ఎస్‌యూవీ అద్దెకు తీసుకుని రాకీ మౌంటెన్, గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్, గ్లేసియర్ పార్కులు పది రోజుల్లో చూపించాలని ఉంది. 6,800 డాలర్లు అవుతుందని లెక్క వేశాను. ఎమర్జెన్సీ ఫండ్‌లో 11,000 ఉన్నాయి. నెల ఖర్చు 4,600, మిగిలేది 1,000. క్రెడిట్ కార్డు బాకీ 2,900, వడ్డీ 23 శాతం. ఫండ్‌లోంచి తీయమంటారా, 15 నెలల జీరో వడ్డీ కార్డు తీసుకోమంటారా, కొన్నాళ్లు 401(కె) రిటైర్మెంట్ పొదుపు ఆపమంటారా?

జవాబు: ఫండ్ ముట్టుకోవద్దు. ప్రయాణం మానుకోవద్దు కూడా. వచ్చే ఏడు పెద్దవాళ్లకు మళ్లీ ఇంత దూరం వచ్చే ఓపిక ఉంటుందో లేదో ఎవరం చెప్పలేం కాబట్టి, "వాయిదా వేసుకోండి" అని నేను అనను. జులైని సెప్టెంబరు చేయండి, నాలుగు పార్కులను రెండు చేయండి.

ఫండ్ ఎందుకు వద్దంటున్నానంటే, 11,000 లోంచి 6,800 తీస్తే మిగిలే 4,200 మీకు నెల ఖర్చుకు కూడా చాలదు. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే వీసాకు స్పాన్సర్ చేసే కొత్త కంపెనీని వెతుక్కోవడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ రెండు నెలలూ అద్దె కట్టాలి, లాయరు ఫీజు కట్టాలి, కుదరకపోతే నలుగురికీ ఐదుగురికీ టికెట్లు కొనాలి. ఇప్పుడున్న డబ్బే ఆ అవసరానికి తక్కువ.

జీరో వడ్డీ కార్డు తీసుకోండి, కానీ ప్రయాణానికి కాదు. పాత బాకీని దాని మీదకు మార్చండి. బదిలీ రుసుము మామూలుగా 3 నుంచి 5 శాతం, అంటే 87 నుంచి 145 డాలర్లు. ఇప్పుడు వడ్డీకే నెలకు 55 దాకా పోతోంది, మూడు నెలల్లో ఆ రుసుము తిరిగొచ్చేస్తుంది. నెలకు 200 చొప్పున కట్టుకుంటూ వెళితే 15 నెలలకు బాకీ దాదాపు తీరిపోతుంది. ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనకండి. 401(కె) సంగతికొస్తే, మీరు కట్టేదానికి కంపెనీ తన వంతు (మ్యాచ్) కలిపే మేరకు కడుతూనే ఉండండి. అంతకు మించి కడుతుంటే ఆ పైమొత్తాన్ని నాలుగు నెలలు ఆపినా నష్టం లేదు.

ఇక ప్రయాణం. రాకీ మౌంటెన్ మీకు గంటన్నర, రెండు గంటల దూరం. దాన్ని ఏదో ఒక వారాంతానికి వదిలేయండి. గ్లేసియర్ అందమైనదే, కాదనను. కానీ ఎల్లోస్టోన్ దాటి మరో 400 మైళ్లు, అక్కడి నుంచి ఇంటికి సుమారు 900 మైళ్లు. షుగర్ ఉన్న మనిషిని, కారు సీటులో పాపను కూర్చోబెట్టుకుని అంత తిరగడానికి డబ్బు కూడా ఖర్చు పెట్టడం నాకు సబబుగా అనిపించదు. టీటన్, ఎల్లోస్టోన్ పక్కపక్కనే ఉన్నాయి. ఏడు రోజులు చాలు, తిరుగు దారిలో వయోమింగ్‌లోని కాస్పర్‌లో ఒక రాత్రి ఆగినా సరిపోతుంది. మీ లెక్కన రోజుకు 680. లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) దాటాక గదుల ధరలు దిగుతాయి కాబట్టి 4,400 లో ముగించవచ్చు. నెలకు 800 చొప్పున నాలుగు నెలలకు 3,200. రెండు వారాలకోసారి జీతం పడేవారికి ఏడాదిలో రెండు నెలల్లో మూడు జీతాలు వస్తాయి. ఈ మధ్యలో అలాంటి నెల ఉందేమో చూసుకోండి, మిగతా 1,200 అందులోంచి వస్తుంది. లేకపోతే రెండు రోజులు తగ్గించండి.

టీటన్ పక్కనున్న జాక్సన్ ఊళ్లో గది తీసుకోకండి, జేబు ఖాళీ అవుతుంది. కొండకు అవతల ఐడహో వైపున్న విక్టర్, డ్రిగ్స్ చూడండి. అయితే మధ్యలో టీటన్ పాస్ ఘాట్ రోడ్డు బాగా నిటారుగా ఉంటుంది. ఎల్లోస్టోన్‌కు ఉత్తర ద్వారం దగ్గరున్న గార్డినర్ ఊళ్లో ఉంటే లామార్ లోయ దగ్గర. తెల్లవారుజామున రోడ్డు పక్కన టెలిస్కోపులు పెట్టుకుని నిలబడ్డవాళ్లు కనిపిస్తే కారు ఆపే చోటు చూసి ఆపండి, టూర్‌కు డబ్బు కట్టకుండానే తోడేళ్లు కనిపించవచ్చు. సెప్టెంబరులో పార్కు లోపలి మామత్ దగ్గర పచ్చికల మీదే ఎల్క్‌లు (పెద్ద దుప్పులు) తిరుగుతాయి, పెద్దవాళ్లు కారు దిగక్కర్లేదు. ఎలుగుకు, తోడేలుకు 100 గజాల దూరం, బైసన్ (అడవి దున్న), ఎల్క్ వంటివాటికి 25 గజాలు తప్పనిసరి.

మీ లెక్కలో కనిపించనిది ఒకటుంది. 2026 జనవరి నుంచి 11 పార్కుల్లో అమెరికా నివాసులు కానివారికి, 16 ఏళ్లు నిండితే, ప్రవేశ రుసుముకు అదనంగా మనిషికి 100 డాలర్లు పడుతోంది. మీరు రాసిన నాలుగూ ఆ జాబితాలోనే ఉన్నాయి. విజిటర్ వీసా మీద ఉన్న అమ్మానాన్నలకు రెండు పార్కులకే 400. నివాసులు కానివారి వార్షిక పాస్ 250, నాన్న పేరున అది తీసుకోవడం నయం. రాకీ మౌంటెన్ వారాంతానికీ అదే పనికొస్తుంది. మీకు దొరికే 80 డాలర్ల పాస్ మీదే వాళ్లనూ పంపేస్తారన్న ఆశతో మాత్రం బడ్జెట్ వేయకండి. బయల్దేరే ముందు నేషనల్ పార్క్ సర్వీస్ సైట్‌లో నిబంధన మరోసారి చదవండి.

ఇంతకంటే పెద్దవి బీమా పత్రాలు. నాన్న విజిటర్ ఇన్సూరెన్స్ "ఫిక్స్‌డ్ బెనిఫిట్" రకమైతే, ఆసుపత్రి బిల్లు ఎంతైనా ఒక్కో చికిత్సకు ముందే రాసుకున్న మొత్తమే ఇస్తారు. కాంప్రహెన్సివ్ ప్లాన్‌లో పాత జబ్బు ఒక్కసారిగా ముదిరితే ఎంతవరకు ఇస్తారో, హెలికాప్టర్‌లో తరలిస్తే ఎంత ఇస్తారో చూసి తీసుకోండి. ఇక్కడికి వచ్చాక కొనగలిగే ప్లాన్‌లు చాలానే ఉన్నాయి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ 7,300 అడుగుల ఎత్తున ఉంది. ముందుగా డాక్టర్‌ను అడిగి, మందులు రెండు వారాలకు ఎక్కువే పెట్టుకోండి.

మీ సొంత కారు పాలసీ లయబిలిటీ (మీ వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి) మాత్రమేనా? అయితే అద్దె కారుకు జరిగే నష్టం అది ఇవ్వదు. జింక అడ్డొచ్చి ఢీకొంటే అది కారు బీమాలోని కాంప్రహెన్సివ్ భాగం కింద, తప్పించబోయి చెట్టుకు గుద్దితే కొలిజన్ భాగం కింద లెక్క. రెండూ లేకపోతే, అద్దె కారు రక్షణ ఇచ్చే క్రెడిట్ కార్డుతోనే మొత్తం అద్దె కట్టండి. ఆ కార్డు పెద్ద ఎస్‌యూవీలను మినహాయించిందేమో ముందే చదవండి. అదీ కుదరకపోతే అద్దె కౌంటర్లో అడిగే డ్యామేజ్ వేవర్‌కు (కారు దెబ్బతిన్నా మీ దగ్గర వసూలు చేయబోమనే ఒప్పందానికి) డబ్బు కట్టండి, ఈసారికి అది దండగ కాదు.

గదులు ఈ వారమే బుక్ చేయండి, రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చేవి మాత్రమే. 2022 జూన్ వరదలకు ఎల్లోస్టోన్ మొత్తం ఖాళీ చేయించారు, గార్డినర్ నుంచి వెళ్లే రోడ్డే కొట్టుకుపోయింది.