ఎల్‌ఎఫ్‌టీ నార్మల్ వచ్చాక కూడా బైల్ యాసిడ్స్ పరీక్ష ఎందుకు?

ఎనిమిదో నెల, రాత్రంతా అరచేతులు దురద, ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్త పరీక్ష) నార్మల్, అయినా డాక్టర్ బైల్ యాసిడ్స్ (పైత్యరసంలో ఉండే ఆమ్లాలు) పరీక్ష రాశారు, ఇదేమైనా డబ్బు గుంజే వ్యవహారమా అని అడిగారు. కాదండీ. గర్భిణులకి వచ్చే కొలెస్టాసిస్ అనే లివర్ సమస్య ఉందేమో చూడ్డానికే ఆ పరీక్ష. రేపు పొద్దున్నే వెళ్లి రక్తం ఇచ్చి రండి. ఆ పరీక్ష గుర్తొచ్చే డాక్టర్ దొరకడమే మీ అదృష్టం.

నాకు తొలి కాన్పప్పుడు ఇదే బాధ. పగలు ఎలాగో గడిచిపోయేది. నడుం వాల్చగానే అరికాళ్లలో మొదలయ్యేది. దద్దురు లేదు, పొక్కు లేదు, పైకి ఏమీ కనిపించదు. లోపలెక్కడో పాకుతున్నట్టుండేది, గోకినా అందదు. దువ్వెనతో గీరుకునేదాన్ని. అర్ధరాత్రి బాత్రూంలో తడి నేల మీద నిలబడితే కాస్త హాయిగా ఉండేది. మా ఆయన నిద్రమత్తులో లేచొచ్చి, కళ్లు తిరిగి పడిపోతానేమోనని గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చునేవారు.

చెకప్‌లో చెబితే "పొట్ట సాగుతోంది కదమ్మా, అందరికీ ఉండేదే" అని లోషన్ రాశారు. పొట్ట సాగితే అరికాలు ఎందుకు దురద పెడుతుంది మేడమ్ అని అడిగాను. నవ్వి ఊరుకున్నారు.

తర్వాతి చెకప్‌కి ఆవిడ సెలవు. బదులుగా వచ్చిన డాక్టరమ్మ నా చేతుల మీద గీతలు చూసి తనే అడిగింది: రాత్రిళ్లు ఎక్కువా? మీ అమ్మగారికో అక్కకో ఇలా వచ్చిందా? అక్కణ్నుంచే అమ్మకి ఫోన్ చేశాను. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేనూ ఇలాగే గోక్కునేదాన్నే, నువ్వు పుట్టగానే పోయింది" అంది. ఇన్నాళ్లూ చెప్పలేదేం అంటే, "దురద కూడా చెప్పుకునే జబ్బేనా" అంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. నొప్పి అంటే అందరూ పరిగెత్తుతారు, దురద అంటే నవ్వుతారు.

నా బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) నార్మల్, కళ్లు తెల్లగానే ఉన్నాయి. బైల్ యాసిడ్స్ మాత్రం లీటరుకి 58 మైక్రోమోల్స్, ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ. కామెర్లు లేకపోతే లివర్ బాగున్నట్టే అనుకునేవాళ్లకి నా రిపోర్ట్ చూపించాలనిపిస్తుంది.

ఈ యాసిడ్స్‌ని లివర్ కొలెస్ట్రాల్ నుంచి తయారుచేస్తుంది. తిన్న కొవ్వు అరగడానికి పేగులోకి వదులుతుంది. పని అయ్యాక దాదాపు 95 శాతం చిన్నపేగు చివర్లో మళ్లీ రక్తంలోకి ఇంకి, లివర్‌కే తిరిగొస్తాయి. ఇలా రోజుకి చాలాసార్లు తిరుగుతాయి కాబట్టి రక్తంలో ఉండాల్సింది బహు తక్కువ. గర్భంలో హార్మోన్లు పెరిగినప్పుడు, అందులోనూ ఆ పోకడ వంశంలో ఉన్నవాళ్లకి, లివర్ కణాలు వీటిని బయటికి నెట్టలేకపోతాయి. అవి రక్తంలోకి చేరతాయి, మావి దాటి బిడ్డకీ చేరతాయి. అసలు భయం అక్కడే, తల్లి దురదలో కాదు.

అలాగని హడలిపోకండి. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ ప్రకారం, ఒక్క బిడ్డే ఉన్న గర్భాల్లో ఈ లెక్క లీటరుకి 100 మైక్రోమోల్స్ దాటినప్పుడే బిడ్డ కడుపులోనే చనిపోయే ముప్పు బాగా పెరిగింది, అది 3.44 శాతం. ఆ అంకె 40 లోపు ఉన్నవాళ్లలో 0.13 శాతమే. అందుకే అంకె తెలియాలి. ఎప్పుడు కాన్పు చేయాలన్నది చాలావరకు దాన్ని బట్టే ఉంటుంది. 100 దాటితే 36 వారాల దగ్గరే చేసేస్తారు. ఒకసారి నార్మల్ వచ్చినా దురద తగ్గకపోతే మళ్లీ చేయించమనండి, దురద ముందొచ్చి అంకె తర్వాత పెరగడం మామూలే.

మందు సంగతి. నాకు ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ ఇచ్చారు. ఇదీ ఒక బైల్ యాసిడే, ఎలుగుబంటి పైత్యరసంలో పుష్కలంగా ఉంటుంది. అదే 2019లో బ్రిటన్‌లో 605 మంది గర్భిణుల మీద జరిగిన ట్రయల్‌లో దీనివల్ల బిడ్డకి ఒరిగిందేమీ లేదని, దురద కూడా ఏదో కాస్తే తగ్గిందని తేలింది. వాళ్ల లెక్కలు వాళ్లవి, నేను మాత్రం ఆ మాత్రతోనే నిద్రపోయాను. అయినా ఈ బైల్ యాసిడ్స్‌ని ఎల్‌ఎఫ్‌టీలోనే ఎందుకు కలపరో నాకిప్పటికీ అర్థం కాదు. "లివర్ డిటాక్స్" (లివర్‌ని శుభ్రం చేస్తామనే) పొడులు అమ్ముకునేవాళ్లు మాత్రం గర్భిణుల్నీ వదలరు. వాటి జోలికి పోకండి.

కాన్పయ్యాక నాకు నాలుగు రోజుల్లోపే పోయింది. డాక్టరమ్మ మాత్రం కొన్ని వారాలకి మళ్లీ రక్తం తీయించింది. అప్పటికీ అంకెలు దిగకపోతే అది గర్భం వల్ల వచ్చింది కాదు, వేరే లివర్ జబ్బు ఉందేమో వెతకాలట. మళ్లీ కాన్పులో తిరిగి వచ్చే అవకాశం బాగా ఎక్కువ. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలతో కూడా కొందరికి ఇదే దురద వస్తుంది, ఎవరైనా రాసిస్తే ఈ సంగతి ముందే చెప్పండి.

రిపోర్ట్ రావడానికి టైం పట్టొచ్చు. ఈలోపు బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే దానికోసం కూర్చోకండి, ఏ వేళైనా సరే ఆస్పత్రికి వెళ్లిపోండి.