కౌంటర్ దగ్గర జ్యూస్ వద్దంటున్నారు, షుగర్ పడిపోతే నేనేం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు. హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకు ఇచ్చే పని అనుమతి) మీద టెక్సాస్‌లో ఒక పెద్ద చెయిన్ స్టోర్‌లో క్యాషియర్‌గా చేస్తున్నాను. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకుంటాను. సాయంత్రం షిఫ్టులో ఒక్కదాన్నే ఉంటాను. రెండుసార్లు లో షుగర్ వచ్చి చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. కౌంటర్ కింద జ్యూస్ సీసా పెట్టుకుంటానంటే మేనేజరు పాలసీ ఒప్పుకోదన్నారు. బ్రేక్ కూడా టైముకే అంటున్నారు. గట్టిగా అడిగితే ఉద్యోగం, వీసా రెండూ పోతాయేమోనని భయం.

జవాబు: ముందు వీసా సంగతి. మీ హెచ్-4 మీ వారి హెచ్-1బీ మీద నిలబడింది, ఈ ఉద్యోగం మీద కాదు. ఈ ఉద్యోగం పోయినా మీ స్టేటస్ పోదు. అమెరికాలో పనిచేసే వికలాంగ ఉద్యోగులను కాపాడే ఏడీఏ చట్టం పౌరసత్వం చూడదు, మీకూ వర్తిస్తుంది.

'నేను వికలాంగురాలినా?' అనిపించవచ్చు. చట్టం దృష్టిలో దాదాపు ఎప్పుడూ అవుననే. ఒకప్పుడు అలా ఉండేది కాదు. నెబ్రాస్కాలో డయాబెటిస్ ఉన్న ఒక ఫార్మసిస్టు భోజనానికి కౌంటర్ మూసుకునే వీలు కోసం వాల్‌మార్ట్ మీద కోర్టుకెళితే, 2002లో అప్పీలు కోర్టు ఆయనకు వైకల్యమే లేదంది. మందులతో నెట్టుకొస్తున్నాడు కదా అన్నది అప్పటి లెక్క. 2008లో చట్టాన్ని సవరించారు. ఇప్పుడు మందులు లేకపోతే మీ ఒంటి పరిస్థితి ఏమిటన్నదే చూడాలి.

అయితే టెక్సాస్‌లో ఒక చిక్కుంది. ప్రైవేటు స్టోర్లలో పెద్దవాళ్ళకు ఇన్ని గంటలకు ఇంత బ్రేక్ ఇవ్వాలన్న రాష్ట్ర చట్టం లేదు, ఫెడరల్ చట్టమూ లేదు. అందుకే ఉత్త 'బ్రేక్ కావాలి' అన్న మాటకు బలం లేదు. 'నాకు డయాబెటిస్ ఉంది, దానివల్ల నా పనిలో ఈ మార్పు కావాలి' అన్నప్పుడే యజమాని మీద చట్టబాధ్యత పడుతుంది. దీన్నే రీజనబుల్ అకామడేషన్ అంటారు. ఫలానా ఫారం, ఫలానా పదాలు అక్కర్లేదు. నోటిమాటా చెల్లుతుంది, కానీ రేపు మేనేజరు 'నాతో అనలేదు' అంటే మీ దగ్గర ఏముంటుంది? హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పంపి, మేనేజరుకు కాపీ పెట్టండి. మీ సొంత ఈమెయిల్‌కూ ఒక కాపీ వేసుకోండి. ఉద్యోగం పోయిన రోజున ఆఫీసు మెయిల్ తెరుచుకోదు.

అడిగేది స్పష్టంగా అడగండి: చేతికందే చోట జ్యూస్ లేదా గ్లూకోజ్ బిళ్ళలు, షుగర్ చూసుకోవడానికి రెండు మూడు నిమిషాలు, 70 కంటే తగ్గితే కోలుకునేదాకా కూర్చునే వీలు, ఇన్సులిన్‌కు కాస్త మరుగు.

చాలా కేసులు నీరుగారేది డాక్టరు ఉత్తరం దగ్గరే. 'తరచుగా బ్రేకులు అవసరం' అన్న ఒక్క ముక్కతో పని జరగదు. మీరు వాడే ఇన్సులిన్ వల్ల షుగర్ హఠాత్తుగా పడిపోవచ్చని, అప్పుడు 15 గ్రాముల కార్బోహైడ్రేట్, అంటే సుమారు 120 మిల్లీలీటర్ల జ్యూస్, వెంటనే తీసుకుని 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూసుకోవాలని, బ్రేక్ టైము దాకా ఆగితే స్పృహ తప్పే ప్రమాదముందని రాయించండి. మందు పేరు తప్పక ఉండాలి. షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి లో షుగర్ అరుదు కాబట్టి కంపెనీ అక్కడే పట్టుకుంటుంది. మెడికల్ ఫైలంతా ఇచ్చేయకండి. ఇచ్చిన కాగితాలను వాళ్ళు విడిగా, గోప్యంగా ఉంచాలి.

మీలాంటి కేసే టెనెసీలో నడిచింది. డాలర్ జనరల్ స్టోర్‌లో ఒంటరిగా ఉన్న ఒక ఉద్యోగిని కౌంటర్ దగ్గర ఆరెంజ్ జ్యూస్ పెట్టుకుంటానంటే మేనేజరు వద్దన్నారు. షుగర్ పడిపోయిన రెండుసార్లు ఆమె స్టోర్‌లోని 1.69 డాలర్ల సీసా తాగి, తేరుకోగానే డబ్బు కట్టింది. డబ్బు కట్టకముందే స్టోర్ సరుకు తినకూడదు, తాగకూడదన్న నిబంధన కింద ఆమెను తీసేశారు. జ్యూరీ 27,565 డాలర్ల పోయిన జీతం, 2,50,000 డాలర్ల పరిహారం ఇచ్చింది. 2018లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ తీర్పుకు టెక్సాస్ కోర్టులు కట్టుబడనక్కర్లేదు గానీ, అందులోని తర్కం మీకు పనికొస్తుంది. అడిగాక వేరే దారి వెతక్కుండా 'పాలసీ' అని తలుపు మూసేయడం కుదరదు.

కంపెనీకీ ఒక హక్కుంది. మీ అవసరం తీరేటట్టయితే ఏ మార్పు ఇవ్వాలో వాళ్ళే ఎంచుకోవచ్చు. జ్యూస్ బదులు బిళ్ళలు అనవచ్చు, ఒంటరి షిఫ్టు మార్చవచ్చు. మితిమీరిన భారమైతే కాదనవచ్చు గానీ, కౌంటర్ కింద సీసా అంత భారమని పెద్ద చెయిన్ నిరూపించడం కష్టం. మిగతావాళ్ళకు జీతంతో ఇచ్చే బ్రేకులు మీకూ జీతంతోనే రావాలి. అదనపు నిమిషాల సంగతి ముందే అడిగి తేల్చుకోండి. అన్నట్టు, 15 మంది లోపు ఉద్యోగులున్న చిన్న కొట్లకు ఈ చట్టం వర్తించదు.

ఆలస్యం చేయకండి. అడగకముందు జరిగిన తప్పుకు వేసిన శిక్షను, తర్వాత మీరు అడిగినంత మాత్రాన కంపెనీ వెనక్కి తీసుకోనక్కర్లేదు. అడిగినందుకు గంటలు కోస్తే, తీసేస్తే, అది మరో చట్ట ఉల్లంఘన. కోపంలో రాజీనామా మాత్రం చేయకండి, పోయిన జీతం అడిగే దారి సన్నబడుతుంది. ఉద్యోగంలో వివక్ష మీద ఫిర్యాదు చేయడానికి, కంపెనీ కాదన్న తేదీ నుంచి రాష్ట్ర సంస్థ టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌కు 180 రోజులు, ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి 300 రోజుల గడువు. రెండూ నిలవాలంటే 180 లోపే వేయండి. ఫిర్యాదుకు ఫీజు లేదు.

జవాబు వచ్చేదాకా గ్లూకోజ్ బిళ్ళలు జేబులో పెట్టుకోండి. కౌంటర్ మీద తినడం, తాగడం నిషేధించే పాలసీలు సాధారణంగా జేబులోని మందు జోలికి రావు. షుగర్ పడిపోతే ముందు బిళ్ళలు వేసుకోండి, తేరుకున్నాక టైము, మీటర్ అంకె రాసిపెట్టుకోండి. స్టోర్ సరుకు తాగాల్సి వస్తే వెంటనే డబ్బు కట్టి రసీదు దాచండి.