కుడి పలక సంగతి

అమ్మలూ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు పడవ కొనుక్కుందిరా, జనవరిలో దీవికి పోతుందిట" అంది. గొంతులో సగం గొప్ప, సగం నా మీద కోపం. ఇదంతా నీ వల్లే అనలేదు గానీ, అన్నట్టే. ఫోన్ పెట్టేశాక భీమిలి బీచ్‌దాకా నడిచి వెళ్లి ఓ గంట కూర్చుని వచ్చాను. సంతోషంగానే ఉంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

నువ్వు పంపిన ఫొటో చూడగానే గుర్తుపట్టాను, హోబీ 18, రెండు దోనెలు జంటగా కట్టినట్టుండే కెటమరాన్. ఆస్ట్రేలియా పడమటి తీరాన ఫ్రీమాంటిల్‌లో ఉన్నన్నాళ్లూ నేను నడిపిందీ అదే రకం. హోబీ 16 కొని ఉంటే ఈ ఉత్తరం సగమే ఉండేది. దానికి డాగర్‌బోర్డులు, అంటే పడవ పక్కకి జారకుండా నీళ్లలోకి నిలువుగా దించే పలకలు, ఉండవు. హల్, అంటే ఆ దోనె, ఆకారమే ఆ పని చేస్తుంది. నీదానికి హల్‌కి ఒకటి చొప్పున రెండు పలకలు. నాకు భయమంతా వాటితోనే.

ముందు తెలిసిన సంగతులు. లైఫ్ జాకెట్ విప్పకు. డ్రెయిన్ ప్లగ్గులు రెండుసార్లు చూసుకో. రేడియో, ఆపదలో సిగ్నల్ పంపే ఈపర్బ్ ఒంటికి కట్టి ఉండాలి, సంచిలో కాదు. సీ రెస్క్యూ వాళ్లకి చెప్పి వెళ్లు, తిరిగొచ్చాక కూడా చెప్పు. మాస్ట్, అంటే తెరచాప కొయ్య, నిలబెట్టి పడవ తోసేటప్పుడు పైన కరెంటు తీగలు చూడు. బోల్తా పడితే పడవని వదిలి ఈదకు. అంతే, వీటి గురించి మళ్లీ చెప్పను.

ఇప్పుడు అసలు విషయం. ముక్కు ఎటు చూస్తుందో పడవ అటే పోతుందనుకోకు. పక్కగాలికి పడవ ముందుకి పోతూనే పక్కకీ జారుతుంది. అక్కడ దాన్ని లీవే అంటారు. "తెప్ప పక్కకి కొట్టుకుపోతోంది" అనేవాడు మీ తాత. ఫ్రీమాంటిల్ నుంచి నువ్వు పోయే రాట్‌నెస్ట్ దీవికి దాదాపు 19 కిలోమీటర్లు. దారంతా అయిదు డిగ్రీలే జారావనుకో, చివరికి కిలోమీటరున్నర పైనే పక్కన తేలతావు. వాయవ్యంగా పోయే దారి, మధ్యాహ్నం నైరుతి గాలి. నువ్వెంత సూటిగా పట్టుకున్నా జారేది ఉత్తరానికే, అటేమో ఖాళీ సముద్రం.

మీ తాతకి ఇది పుస్తకం చదివి తెలియలేదు. తెరచాప ఎత్తగానే దుంగల సందులోంచి ఒక చెక్క పలక నిలువుగా దించేవాడు, దిగాక కాలితో ఓ తన్ను తన్నేవాడు. తెల్లవాళ్లు కెటమరాన్ అనే మాట కూడా తమిళుల కట్టుమరంలోంచి తీసుకున్నదే, మన తెప్పకి చుట్టం. ఒకసారి వేటలో ఆ పలక పోయింది. నైరుతి గాలి లేచింది. సాయంత్రం రావలసినవాడు మర్నాడు మధ్యాహ్నం చింతపల్లి దగ్గర ఒడ్డుకి చేరాడట. నాకప్పుడు ఏడేళ్లు. మా అమ్మ రాత్రంతా ఇసకలో కూర్చుంది, నేను ఆవిడ ఒళ్లో. మీ అమ్మ అప్పటికింకా పాలు తాగే పిల్ల, దానికేం గుర్తుంటుంది! అది నీ గురించి అంత ధైర్యంగా ఎలా మాట్లాడుతోందా అనుకుంటున్నావేమో, కారణం ఇదే.

అంత చూసినవాణ్ని నేనేం చేశానో చెబుతాను. మీ అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు.

1994 జనవరి. వర్క్‌షాప్‌లో నాతో పనిచేసే వెల్డర్, నేను, ఇద్దరమే. మధ్యాహ్నం రెండు దాటింది, వాళ్లు ఫ్రీమాంటిల్ డాక్టర్ అనే సముద్రపు గాలి బాగా పుంజుకుంది. ఇసకలోంచి తోస్తున్నాం కాబట్టి పలకలు రెండూ పైకి ఎత్తి కట్టి ఉన్నాయి. లోతు రాగానే నేను కూర్చున్న వైపు, అంటే ఎడమ పలక దించాను. గాలి వస్తున్నది అటువైపు నుంచే. కుడిది అతను దించాడనుకున్నాను. నేను చూసుకుంటాననుకున్నాడు అతను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసి నవ్వుకున్నాం, రెండూ దిగిపోయినట్టే.

మాకు ఉత్తరాన, ఒడ్డు నుంచి సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాళ్ల గట్టు ఒకటుంది. ముక్కు దాని చివరకన్నా బాగా బయటికే చూస్తోంది. కాసేపు ఒక పలకతోనే బాగానే పోయాం. అంతలో గాలి ఒక్కసారి బలంగా తోసింది, ఎడమ హల్ నీళ్లలోంచి లేచింది. కుర్రతనం కదా, అలా ఒక హల్ మీద ఎగురుతుంటే అరిచి గోల చేశాం. ఆలోచించు అమ్మలూ, దించిన పలక ఏ హల్‌లో ఉంది? గాలిలో! నీళ్లలో ఉన్న హల్‌కి పలకే లేదు. పడవ తడి సబ్బులా పక్కకి జారడం మొదలుపెట్టింది.

గట్టు దగ్గరవుతోందని తెలిసింది. అక్కడ ఇంకో తప్పు చేశాను, అదే పెద్దది. గట్టుని తప్పించాలని ముక్కుని ఇంకా గాలిలోకి తిప్పాను, తెరచాపని బిగించే తాడు, మెయిన్‌షీట్‌ని, పళ్లు బిగించి లాగేశాను. వేగం పడిపోయింది. హల్ కిందికి దిగి ఎడమ పలక మళ్లీ నీళ్లలోకి వచ్చినా లాభం లేకపోయింది.

ఎందుకో విను. డాగర్‌బోర్డు నీళ్లలో నిలబెట్టిన విమానం రెక్క లాంటిది. పడవ రెండు మూడు డిగ్రీలు జారితేనే నీళ్లు దానికి ఏటవాలుగా తగులుతాయి, అప్పుడే అది తిరిగి తోస్తుంది. జారుడు సున్నా చెయ్యడం ఎవరి వల్లా కాదు. కానీ ఆ తోపు వేగం మీద ఆధారపడుతుంది. వేగం సగమైతే తోపు పావే. అదే బలం కావాలంటే నాలుగింతల కోణం కావాలి, మూడు డిగ్రీలది పన్నెండవుతుంది. ఇంకాస్త దాటితే నీళ్లు పలకని అంటిపెట్టుకుని పారవు, స్టాల్ అయిపోతుంది. పైన తెరచాపదీ అదే గతి. నేను అంత బిగించేసరికి అదీ స్టాలై, ముందుకి లాగడం మానేసి పక్కకే తోసింది.

చెయ్యాల్సింది దానికి పూర్తిగా ఉల్టా. మెయిన్‌షీట్ ఓ జానెడు వదిలి, ముక్కుని కొంచెం గాలివాలుకి తిప్పి, ముందు వేగం తెచ్చుకోవాలి. వేగం వచ్చాక బిగిస్తూ మెల్లగా పైకి, అంటే గాలి వైపుకి, తిప్పాలి. గట్టు దగ్గర అందుకు చోటు మిగలదు, నిజమే. అందుకే ఆ ఆలోచన ముందే రావాలి.

కుడి హల్ ముందు రాళ్లకి తగిలింది. పడవ గిర్రున తిరిగి ఎడమ పలక రాళ్ల మధ్య ఇరుక్కుని విరిగింది. ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. నా భుజం మీద మచ్చ గురించి చిన్నప్పుడు అడిగేదానివి, నేను మేకు గుచ్చుకుందనేవాణ్ని. మేకు కాదమ్మా.

కాబట్టి రెండు పలకల తలల దగ్గరా ఎర్ర రంగు గీత వెయ్యి, పూర్తిగా దిగితే గీత డెక్‌కి ఆనాలి. "కుడి దిగింది", "ఎడమ దిగింది" అని ఇద్దరూ పైకి అరవండి, సిగ్గుపడకండి. పలక సందులో లొడలొడలాడితే పాత కార్పెట్ ముక్క అతికించు. తాడు కట్టి ఉంచు, బోల్తా పడితే జారి పోకుండా.

తెరచాప మీది ఉన్ని దారాలు చూస్తూ ఉండు. గాలి వైపు దారం ఎగిరెగిరి పడితే మరీ పైకి పట్టావని. అవతలి వైపుది కొట్టుకుంటే మరీ బిగించావని. రెండూ సాఫీగా వెనక్కి పారాలి. గాలి ఎక్కువైతే ముందు డౌన్‌హాల్, అంటే తెరచాప ముందు అంచుని కిందికి లాగే తాడు, బాగా లాగు, తెరచాప చదునవుతుంది, ఆ తర్వాత మెయిన్‌షీట్ కింది కొసని పక్కకి జరిపే ట్రావెలర్ జార్చు. మెయిన్‌షీట్ మాత్రం తాడు పట్టి ఉంచే క్లీట్‌లో పెట్టి మరిచిపోకు, చేతిలోనే ఉండాలి. అన్నట్టు మొదట్లో నేను మెయిన్‌షీట్ అంటే తెరచాప గుడ్డ అనుకున్నాను. తాడని తెలిసేసరికి వారం పట్టింది.

జారుతున్నావో లేదో తెలుసుకోవడానికి ఫోన్ చూడక్కర్లేదు. గట్టు చివర వెనకాల కనిపించే బీచ్ కొంచెం కొంచెంగా బయటపడుతుంటే నువ్వు దాటిపోతావు. గట్టు దాన్ని మింగేస్తుంటే దాటవు. దీవికి పోయేటప్పుడు రెండు లైట్‌హౌస్‌లు కనిపిస్తాయి, కొండ మీద వాడ్జెమప్, దానికి కుడివైపు ఒడ్డున బాథర్స్ట్. అవి ఒకదానికొకటి దగ్గరగా జరుగుతుంటే ఉత్తరానికి కొట్టుకుపోతున్నావని.

మధ్యాహ్నం భోంచేసి బయల్దేరతానన్నావట. బుద్ధుందా? వేసవి ఉదయాలు ఎక్కువగా తూర్పుగాలి ఉంటుంది, ఆరింటికే పో. వెనకగాలికి పలకలు సగం పైకి తీయి, అనవసరంగా నీళ్లలో ఈడ్చుకోవద్దు. డాక్టర్ వచ్చేలోపు దీవిలో టీ తాగుతూ ఉండాలి నువ్వు.

తిరుగు ప్రయాణం పక్కగాలికి. అప్పుడూ జారేది ఉత్తరానికే, నది మొగకి కొంచెం దక్షిణంగా గురిపెట్టు. అలలు పెద్దవైతే పలకలు సగమే ఉంచి, ఇద్దరూ వెనక్కి జరగండి. లోతుగా దించిన పలకకి పెద్ద అల పక్కనుంచి తగిలితే పడవ కాలు తట్టుకున్నట్టు బోర్లా పడుతుంది. అక్కడ కాస్త జారనివ్వు, పర్వాలేదు. ముక్కులు నీళ్లలో గుచ్చుకోకుండా చూసుకో, అవి గుచ్చుకుంటే పడవ మొగ్గ వేస్తుంది.

ఆ రోజు విరిగిన పలక కింది సగం ఇక్కడే ఉంది. మీ అత్త బియ్యం బస్తా కింద చెమ్మ తగలకుండా వేసింది. వచ్చినప్పుడు చూపిస్తాను.

బయల్దేరే రోజు ఆ ఎర్ర గీతలు రెండూ ఫొటో తీసి పంపు. నీకు ఆరంటే నాకు మూడున్నర. మెలకువగానే ఉంటాను.

మీ మావయ్య