మడత కుర్చీకి కొత్త సీటు

ప్రశ్న: మా ఇనుప మడత కుర్చీల ఫ్రేములు గట్టిగానే ఉన్నా, సీట్ల మీది రెక్సిన్ చిరిగి, లోపలి స్పాంజి పొడిగా రాలిపోతోంది. వీటిని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చునా?

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. కుర్చీని తిరగేసి స్క్రూలు విప్పి సీటును వేరుచేయండి. పాత రెక్సిన్‌ను చింపకుండా పిన్నులు ఊడదీస్తే, కొత్తది కత్తిరించడానికి అదే కొలతగా పనికివస్తుంది. అడుగున ప్లైవుడ్ ఉంటే మంచిదే. ఇనుప రేకు ఉంటే పిన్నులు దిగవు కనుక రెక్సిన్ అంచులను రబ్బరు జిగురుతో అంటించవలసి ఉంటుంది.

చాలామంది మెత్తదనం కోసం దళసరి ఫోమ్ వేస్తారు, అప్పుడు కుర్చీ పూర్తిగా మడత పడదు. ఒక అంగుళం మందం గల గట్టి ఫోమ్ చాలు. పలుచని మెత్త ఫోమ్ అయితే కూర్చోగానే అణగిపోయి చెక్క తగులుతుంది.

రెక్సిన్‌ను నాలుగువైపులా రెండు మూడు అంగుళాలు అదనంగా ఉంచి కత్తిరించి, కాసేపు ఎండలో పెడితే మెత్తబడి చక్కగా సాగుతుంది. ముందుగా ఒక అంచు మధ్యలో ఒక పిన్ను, ఎదుటి అంచు మధ్యలో మరొకటి కొట్టి, ఆ తరువాత మూలల వైపు జరుగుతూ పోవాలి. మూలల నుంచి మొదలుపెడితే మధ్యలో పడిన ముడతలు ఇక పోవు. మూలల వద్ద చిన్న కుచ్చులుగా మడిచి, అడుగున మిగిలినదాన్ని కత్తిరించండి.

బిగించేటప్పుడు పాత స్క్రూలనే వాడండి, పొడవైనవి వేస్తే మొనలు చెక్కను దాటి పైకి వస్తాయి.